నెట్‌వర్క్ సెట్టింగులు సేవ్ చేయకుండా లేచి వెళ్లిపోయే తమ్ముళ్లకు

మొన్న వడ్ల సీజన్‌లో మిర్యాలగూడ నుంచి ఫోన్. ఒక రైస్ మిల్లు గుమాస్తా. "రాత్రి గాలివానకు కరెంటు పోయిందన్నా. పొద్దున్నుంచి కాంటా బరువు ఆఫీసుల బిల్లు కొట్టే కంప్యూటర్‌కు వస్తలేదు. జర జల్ది రా." నల్లగొండ నుంచి బండేసుకొని పోయేసరికి గేటు బయట లారీలు బారులు తీరి ఉన్నాయి. డ్రైవర్లు టైర్ల నీడన కూర్చున్నారు.

కంప్యూటర్లను కేబుళ్లతో కలిపే నెట్‌వర్క్ స్విచ్ నిండా ఊక దుమ్ము. బస్తా మీద ల్యాప్‌టాప్ పెట్టుకొని స్విచ్‌తో నేరుగా మాట్లాడే కన్సోల్ కేబుల్ గుచ్చి, దానిలోని ఐపీలు (నెట్‌వర్క్ అడ్రసులు) చూపించే 'షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్' కమాండ్ కొట్టాను. కాంటా కంప్యూటర్‌లో గేట్‌వే, అంటే వేరే నెట్‌వర్క్‌కు పోయే దారి, 192.168.20.1 అని ఉంది. స్విచ్‌లో ఆ అడ్రసే లేదు. ఒకే స్విచ్‌ను విడివిడి నెట్‌వర్క్‌లుగా పంచేవి వీలాన్లు. 'షో వీలాన్' చూస్తే వీలాన్ 20 పేరు మాత్రం మిగిలింది, ఎందుకంటే ఆ జాబితా కరెంటు పోయినా చెరగని ఫ్లాష్ మెమరీలో వేరే ఫైల్‌గా ఉంటుంది. కాంటా కేబుల్ ఉన్న పోర్టు మళ్లీ, ఏమీ సెట్ చేయకముందు ఉండే వీలాన్ 1లోకి పోయింది.

ఏం జరిగిందో అర్థమైంది. ఇంతకుముందు వచ్చినాయన వీలాన్ 20 ఇంటర్‌ఫేస్‌కు ఐపీ ఇచ్చాడు, దాన్ని ఆన్ చేసే 'నో షట్‌డౌన్' కొట్టాడు, అడ్రసు పలుకుతుందా అని చూసే పింగ్‌కు జవాబు వచ్చింది, డబ్బులు తీసుకొని పోయాడు. సేవ్ చేయలేదు. మనం కొట్టేదంతా రన్నింగ్ కాన్ఫిగ్‌లో, అంటే కరెంటు పోతే చెరిగిపోయే ర్యామ్‌లో ఉంటుంది. 'కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్' అంటేనే నిలుస్తుంది. ఇన్ని రోజులు యూపీఎస్ కాపాడింది. ఆ రాత్రి దాని బ్యాటరీ చేతులెత్తేసింది.

నా కోపం నేర్పే పద్ధతి మీద కూడా. కోచింగ్‌లో పింగ్ రిప్లై వస్తే పాఠం అయిపోయినట్టే. అక్కడ కరెంటు పోదు. వీలాన్‌లో ఒక్క పోర్టయినా లైవ్‌లో లేకపోతే ఐపీ సరిగ్గా ఉన్నా ప్రోటోకాల్ డౌన్, అంటే ఇంటర్‌ఫేస్ పనిచేయట్లేదు, అనే చూపిస్తుందని చెప్పరు. పిల్లలు ఐపీ మార్చి మార్చి అలసిపోతారు.

అట్లని ప్రతి లైనుకూ సేవ్ కొట్టమని కాదు. నల్లగొండలో కూర్చొని దేవరకొండలో ఉన్న స్విచ్ ఐపీ మారుస్తున్నామనుకోండి. ఒక్క అంకె తప్పితే మన కనెక్షనే తెగిపోతుంది. అందుకే నేను ముందు 'రీలోడ్ ఇన్ 10' కొడతాను. స్విచ్ చేజారితే పది నిమిషాలకు అదే రీస్టార్ట్ అయి, సేవ్ అయిన పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అంతా బాగుంటే 'రీలోడ్ క్యాన్సిల్', తర్వాతే సేవ్. అంటే సేవ్ కాని ఆ పది నిమిషాలే మనకు రక్ష. ఆ తర్వాత కూడా అట్లే వదిలేస్తేనే ఇట్లా లారీలు ఆగుతాయి.

మిల్లులో వీలాన్ 20 ఇంటర్‌ఫేస్ మళ్లీ రాశాను, వీలాన్ల మధ్య డేటాను పోనిచ్చే 'ఐపీ రౌటింగ్' ఆన్ చేశాను, పోర్టును వీలాన్‌లో పెట్టి డిస్క్రిప్షన్‌లో 'కాంటా' అని రాశాను. సేవ్ చేశాను. ఐపీలన్నీ కాగితం మీద రాసి ర్యాక్ తలుపు లోపల అతికించాను. తర్వాత స్విచ్ ప్లగ్ పీకాను.

గుమాస్తా అదిరిపడ్డాడు. "ఏందన్నా, ఇప్పుడే గదా నడిచింది!"

"మళ్లీ గాలివాన వస్తే నేనుండ గదన్నా. ఇప్పుడే చూద్దాం" అన్నాను.

ప్లగ్ మళ్లీ పెట్టాను. కొన్ని నిమిషాలు ఇద్దరం లైట్ల వంకే చూస్తూ నిలబడ్డాం. నేను ఏమీ కొట్టకుండానే 192.168.20.1 నుంచి రిప్లై వచ్చింది. అప్పుడు గుమాస్తా గేటు దగ్గరున్న మొదటి లారీని రమ్మన్నాడు.