సవరణ: హెచ్‌పీవీ పరీక్షలన్నీ ఒకటి కావు

హెచ్‌పీవీ అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్. కావలి ఊరి ఆడవాళ్ల కోసం మొన్న పెట్టిన పోస్టులో "గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి ఏ హెచ్‌పీవీ పరీక్షైనా ఒకటే, శాంపిల్ మనమే తీసుకోవచ్చు" అని రాశాను. తప్పు నాదే, క్షమించండి. సొంతంగా తీసుకునే వీలు డీఎన్‌ఏ పరీక్షకే. ఎంఆర్‌ఎన్‌ఏ పరీక్షకు డాక్టరో నర్సో తీసిన శాంపిలే వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది.

డీఎన్‌ఏ పరీక్ష వైరస్ ఉందా అని చూస్తుంది. ఎంఆర్‌ఎన్‌ఏ పరీక్ష ఆ వైరస్‌లో క్యాన్సర్‌కి దారితీసే E6, E7 అనే జన్యువులు పనిచేస్తున్నాయా అని చూస్తుంది. 30 దాటినవాళ్లకు నెగెటివ్ వస్తే, డీఎన్‌ఏ పరీక్ష మళ్లీ 5 నుంచి 10 ఏళ్లకు, ఎంఆర్‌ఎన్‌ఏ పరీక్ష 5 ఏళ్లకు చేయించుకోవాలి.

పోస్టు చదివిన ఒక అక్క పాజిటివ్ వచ్చిందని టెన్షన్‌తో రెండ్రోజులు అన్నం తినలేదట. పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదక్కా. తర్వాతి పరీక్షకు మాత్రం తప్పక వెళ్లు.