సవరణ: డెవ్‌ఎం పెడితే మిగతాది కెర్నలే చూసుకుంటుందన్న మాట

పాత లినక్స్ డ్రైవర్‌ని శుభ్రం చేసేటప్పుడు దొరికినచోటల్లా డెవ్‌ఎం రకం ఫంక్షన్లు (devm_తో మొదలయ్యేవి; వీటితో తీసుకున్నవాటిని డ్రైవర్ విడిపోయేటప్పుడు కెర్నలే వదిలేస్తుంది) పెట్టేస్తే చాలు, రిమూవ్ ఫంక్షన్‌లో (డ్రైవర్‌ని విడదీసేటప్పుడు నడిచేది) మిగిలింది కదపక్కర్లేదని మొన్న ఆదివారం పోస్టులో రాశాను. అది తప్పు. చూసుకోకుండా అలవాటు కొద్దీ రాసేశాను.

నా మాట నమ్మి శ్రీకాకుళం నుంచి ఒక తమ్ముడు ఇంటరప్ట్ (పరికరం ప్రాసెసర్‌ని పిలిచే సంకేతం) ఒక్కటే డెవ్‌ఎంకి మార్చి, బఫర్‌ని మాత్రం రిమూవ్‌లో కేఫ్రీతోనే (kfree, మెమరీని విడుదల చేసే ఫంక్షన్) విడుదల చేసేలా ఉంచాడు. మాడ్యూల్ తీసేసరికి ఊప్స్, అంటే కెర్నల్ లోపం!

కెర్నల్ సోర్సులో డ్రైవర్ కోర్ కోడ్ తెరిస్తే కారణం దొరికింది. డ్రైవర్‌ని విడదీసేటప్పుడు ముందు మన రిమూవ్ నడుస్తుంది. అది అయ్యాకే డెవ్‌ఎం కింద తీసుకున్నవి, చివర తీసుకున్నది మొదటగా, విడుదలవుతాయి. అంటే బఫర్ పోయినా ఇంటరప్ట్ ఇంకా బతికే ఉంటుంది. ఆ సందులో పరికరం ఒక్కసారి పలికిందా, ఆ పిలుపుకి బదులిచ్చే మన ఫంక్షన్, అంటే హ్యాండ్లర్, వెళ్లి లేని మెమరీని ముట్టుకుంటుంది. సామాను లారీ ఎక్కించేశాక పాత ఇంటి తలుపు కొరియర్ వాడు తట్టినట్టు.

కాబట్టి బఫర్‌ని కూడా డెవ్‌ఎంతోనే, ప్రోబ్‌లో (డ్రైవర్ పరికరానికి తగులుకునేటప్పుడు నడిచే ఫంక్షన్) ఇంటరప్ట్ కంటే ముందు తీసుకోండి. లేదా రెండూ పాత పద్ధతిలోనే ఉంచి, రిమూవ్‌లో ముందు ఇంటరప్ట్ వదలండి. సగం అటూ సగం ఇటూ వద్దు.

యూజర్ ప్రోగ్రామ్ తెరిచి పట్టుకునే డివైస్ ఫైల్ ఉంటే, దాని స్ట్రక్చర్‌కి డెవ్‌ఎం అసలు సరిపోదు, రిఫరెన్స్ కౌంట్ (ఎంతమంది ఇంకా వాడుతున్నారో చూసే లెక్క) కావాలి. పాత పోస్టులో ఆ పేరా తీసేశాను.