ఆఫర్ లెటర్ గారికి ఓ రెస్టారెంట్ మేనేజర్ రాయునది

అయ్యా ఆఫర్ లెటర్ గారూ,

మీ మొదటి పేరా బ్రహ్మాండం. "మా కుటుంబంలోకి స్వాగతం" అంటారు, "మీ నాయకత్వ పటిమ" అంటారు, కంపెనీ పేరు బోల్డ్ అక్షరాల్లో వేసుకుంటారు. జీతం దగ్గరికొచ్చేసరికి మాత్రం నీళ్లు నములుతారు. "ఆకర్షణీయమైన ప్యాకేజీ" అట! అంకె వేస్తే సిరా అయిపోతుందా?

బోనస్ సంగతి సరేసరి. "పనితీరును బట్టి బోనస్ ఉండును." దేన్ని బట్టి, అమ్మకాలా, లాభమా, సరుకు ఖర్చు తగ్గించడమా? ఏడాది మధ్యలో మానేస్తే ఇస్తారా, ఎగ్గొడతారా? యాజమాన్యం ఇష్టమైతేనే ఇస్తామనుకుంటే ఆ ముక్కే రాసెయ్యండి, అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. రాయకపోతేనే రేపు అది హామీ అని నేను, కాదని మీరు, మధ్యలో ఇద్దరు లాయర్లు.

అసలు గొడవ "మేనేజర్" అనే మాటతో. అది రాసేస్తే చాలు, ఓవర్‌టైమ్ ఇవ్వక్కర్లేదని మీకెవరో చెప్పినట్టున్నారు. అమెరికా ఫెడరల్ చట్టమైతే హోదా పేరు చూసి మోసపోదు, జీతమెంత, రోజూ చేసే పనేంటి అని అడుగుతుంది. మీ జాబితాలోనేమో షిఫ్టులు వెయ్యడం, స్టాకు చూడటం, రాత్రి క్యాష్ సరిచూడటం అన్నీ అయ్యాక అట్టడుగున ఒక బుజ్జి లైను: "మరియు యాజమాన్యం అప్పగించు ఇతర పనులు". వంటమనిషి రాకపోతే పొయ్యి దగ్గర నేనే, గిన్నెలు తోమేవాళ్లు రాకపోతే సింకు దగ్గరా నేనే, అర్ధరాత్రి తాళం వేసి పొద్దున్నే మళ్లీ తాళం తియ్యడానికీ నేనే, ఇదంతా ఆ ఒక్క లైను చలవే. టిప్పుల్లో వాటా మాటెత్తితే మాత్రం ఠక్కున మేనేజర్‌ని అయిపోతాను. (అది న్యాయమేలెండి. సిబ్బంది టిప్పులు మేనేజర్లు ఉంచుకోకూడదని అమెరికాలో 2018లో చట్టమే చేశారు. నా ఏడుపు టిప్పుల కోసం కాదు, పూటకో రకంగా మారే నా హోదా గురించి.)

ఇక షరతులు. పాత ఉద్యోగానికి రాజీనామా చేసి, నోటీసు పీరియడ్ కూడా ముగించి వచ్చాక, "బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఇంకా అవ్వలేదండీ" అంటారేంటి? ఆహార భద్రత సర్టిఫికెట్ కావాలన్నా, పాత యజమానిని వాకబు చేస్తామన్నా, "ఇవి పూర్తయితేనే ఈ ఆఫర్ చెల్లుతుంది" అని ముందే రాయాలి కదా. ఈ ఒక్క వాక్యం మీకూ రక్షణే, నాకూ రక్షణే. అది తప్ప అన్నీ రాస్తారు.

పైగా, మానేశాక రెండేళ్లు వేరే ఏ రెస్టారెంట్లోనూ చేరకూడదట! మరి తిండెట్లా? కాలిఫోర్నియాలో అయితే ఇలాంటి షరతు చెల్లదు. తెలిసిన పని ఇదొక్కటే అయినప్పుడు, ఇలా ఏ ఊళ్లో అనే హద్దు కూడా లేకుండా రాస్తే చాలాచోట్ల కోర్టులు కూడా ఒప్పుకోవు.

"24 గంటల్లో సంతకం చేయవలెను" అన్నారు. చేస్తాను. ముందు జీతం అంకె, పని గంటలు, వారం సెలవు, నోటీసు పీరియడ్ నింపి మళ్లీ పంపండి, గడియారం అప్పట్నుంచి మొదలెడదాం.

ఇట్లు,
మీ కుటుంబంలో ఇంకా చేరని సభ్యుడు