ఎనిమిదో గడియారం సాక్షిగా

కందుకూరు దగ్గర మా ఊరి హైస్కూల్లో 2025 మార్చి మొదట్లో పదో తరగతి పిల్లలకు వీడ్కోలు సభ పెట్టారు. ముఖ్య అతిథిగా రావాల్సిన నాయకుడికి అదే టైముకి పక్కూళ్లో బోరు ప్రారంభం తగిలింది. ఆ కుర్చీలో పూర్వ విద్యార్థినైన నన్ను కూర్చోబెట్టారు. నాకిచ్చిన అంశం 'మన బడిలో మార్పు, మనలో ఎదుగుదల'. అంశం పెద్దది, కుర్చీ ప్లాస్టిక్‌ది, అందులోనూ ఒక కాలు వంకర. బ్యాలెన్సు చూసుకోవడంతోనే సరిపోయి ఆ రోజు సగం మింగేశాను. ఆ సగాన్నీ కలిపి ఇప్పుడు సమర్పించుకుంటున్నాను. మావాడు కూడా ఈ బ్యాచే కాబట్టి నా సాక్ష్యాన్ని కాస్త అనుమానించే హక్కు మీకుంది.

ముందు మార్పు సంగతి. ఈ పిల్లలు ఆరో తరగతిలో చేరింది 2020లో. చేరడం చేరారు గానీ కరోనా పుణ్యమా అని బడి మొహం చూసింది 2021లో. అప్పటికి, 2019 నవంబర్ 14న ఒంగోలులో మొదలెట్టిన సర్కారు బడుల మరమ్మతు పథకం నాడు-నేడు మా ఊరి దాకా నడిచొచ్చింది. ప్రహరీ లేచింది, ఫ్యాన్లు తిరిగాయి, నల్ల బోర్డు ఆకుపచ్చ బోర్డయింది, మరుగుదొడ్లలో నీళ్లొచ్చాయి. మా రోజుల్లో ఆడపిల్లలు ఇంటర్వెల్‌కి ఇళ్లకు పోయేవాళ్లు, కొందరు మళ్లీ వచ్చేవాళ్లు కాదు. కాబట్టి ఈ ఒక్క విషయంలో నా వెటకారం పనిచెయ్యదు. దాటేస్తున్నా.

మిగతా వాటిలో బాగానే పనిచేస్తుంది.

పేర్లే తీసుకోండి. తొమ్మిదో తరగతి దాకా వీళ్లు తిన్నది జగనన్న గోరుముద్ద. పదిలో తిన్నది డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం. ఈ సంగతి సాంబారుకి ఎవరూ చెప్పినట్టు లేదు, పాత పల్చదనంలోనే కొనసాగుతోంది. విద్యాకానుక అని వచ్చిన సంచీ సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అయింది. అప్పటికి మాది నెల్లూరు జిల్లా, సర్వేపల్లి అక్కడి ఊరే కనుక దీనికి మేం నోరెత్తలేదు, ఇంటిపేరు మనది. నాడు-నేడు కాస్తా మన బడి-మన భవిష్యత్తు. అన్నీ 2024 జూలైలో ఒక్క ఊపున మారాయి. రేపు ఇంకెవరైనా వస్తే ఇంకో ఊపు. ఇంత శ్రద్ధగా పేర్లు పెట్టేవాళ్లకి లెక్కల మాస్టారి ఖాళీ కూడా కనిపిస్తే బాగుండేది. పాపం దానికి పేరు లేదు కదా, కనబడదు.

పథకాలదాకా ఎందుకు, ఈ పిల్లలు జిల్లాలే మారారు. ఏడో తరగతి చివర్లో, 2022 ఏప్రిల్ 4న, ప్రకాశం జిల్లాలో పడుకున్న కందుకూరు నెల్లూరు జిల్లాలో నిద్రలేచింది. మాకు ఒంగోలు దగ్గర. నెల్లూరు దానికి రెట్టింపు దూరం, ఇంకా ఎక్కువే. మా నాయన మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా కట్టక ముందు కందుకూరు నెల్లూరులోనే ఉండేది మరి. "నేను పుట్టింది నెల్లూరు జిల్లా, నువ్వు పుట్టింది ప్రకాశం, నీ కొడుకు పది రాసేది మళ్లా నెల్లూరు. ముగ్గురం పడుకునేది మాత్రం ఈ వసారాలోనే గదరా అబ్బయ్యా" అన్నాడు. బడిలో దీన్ని సాంఘిక శాస్త్రం అంటారు, ఎనిమిది మార్కుల ప్రశ్న.

ఇక ఎదుగుదల. దాన్ని కొలవడానికి బడి దగ్గర శాస్త్రీయ సాధనం ఒక్కటే ఉంది, బూట్ల సైజు. ఒక పూట పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి స్కేలు మీద కాలు పెట్టించి రాసుకుంటారు. ఆ రాసుకున్న కాగితం పైకెళ్లి, బూట్లయి కిందికి దిగొచ్చేలోపు పిల్లల కాళ్లు ఖాళీగా కూర్చోవు. మావాడికి ఎనిమిదో తరగతిలో కొలిచింది అయిదు, వచ్చింది నాలుగు, అప్పటికి కాలు ఆరు. మర్నాడు వేపచెట్టు కింద బూట్ల సంత జరిగింది. అరుపులు, బేరాలు, ఒంటికాలి మీద గెంతులు. ఒకడికి ఎడమ బూటు ఆరు, కుడి బూటు ఎనిమిది దొరికాయి. వాడి కాలు ఏడు. సగటున సరిగ్గా సరిపోయింది. లెక్కల మాస్టారు లేకపోయినా సగటు పాఠం ఆ రోజే అయిపోయింది. మరుసటేడు సార్లు తెలివిగా ఒక సైజు పెంచి రాశారు. సార్లు పెంచి రాస్తారని పైవాళ్లు ఒక సైజు తగ్గించి పంపారని మా ఊళ్లో ఒక వాదం ఉంది. రుజువు లేదు, బూట్లు ఉన్నాయి.

ఎనిమిదో తరగతిలోనే, 2022 డిసెంబర్‌లో, ట్యాబులు కూడా వచ్చాయి. మావాడు చదువుకుంటున్నాడని నెల రోజులు ఇంట్లో సీరియళ్లు బందు. తర్వాత తెలిసింది, లోపల కోడిపందేలు నడుస్తున్నాయని.

సభలో ఒక పాప మైకు పట్టుకుని "మేం చాలా మారాం సార్" అంది. ఎట్లా మారావమ్మా అనడిగాను. "ఆరో తరగతిలో సార్ని చూస్తే మేం దాక్కునేవాళ్లం. ఇప్పుడు సారే మమ్మల్ని చూసి పక్కకి తప్పుకుంటున్నారు. సిలబస్ ఇంకా మిగిలింది కదా!" షామియానా కింద అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆ సారే.

తర్వాత బడికి బహుమానం. చందాలేసుకుని గోడ గడియారం కొన్నారు. స్టాఫ్ రూములో ఇప్పటికే ఏడున్నాయి, బ్యాచికొకటి. ఏ రెండూ ఒక టైము చెప్పవు. ఒక బ్యాచి లెక్కన ఇంటర్వెల్ అయిపోయింది, ఇంకో బ్యాచి లెక్కన ఇంకా బెల్లే కొట్టలేదు. సార్లు ఎవరికి కావలసిన బ్యాచిని వాళ్లు చూసుకుంటారు. ఎనిమిదో దానికి మేకు కొట్టడానికి అటెండరు గోడంతా తడిమి, చివరికి బీరువా మీద ఆనించాడు.

ఆఖర్న గ్రూప్ ఫోటో. పిల్లలు మెట్ల మీద సర్దుకుని, ముందు వరస మోకాళ్ల మీద కూర్చుని, నవ్వులు సిద్ధం చేసుకున్నాక సారు ఫోన్ తీశారు. స్టోరేజ్ ఫుల్. గ్యాలరీ తెరిస్తే మరుగుదొడ్లు. ఉదయం మరుగుదొడ్డి, మధ్యాహ్నం మరుగుదొడ్డి, మగపిల్లలది, ఆడపిల్లలది, నెలల కొద్దీ. ఒకప్పుడు రోజూ ఫోటో తీసి యాప్‌లో పెట్టాల్సొచ్చేది కదా, అవి.

"ఇవి తీసేయండి సార్, ఇప్పుడు అక్కర్లేదన్నారుగా" అన్నాను.

"అన్నారు. మళ్లీ అడిగితే?"

ఆయన వేలు కిందికి జరిగింది. కోడిగుడ్ల ట్రేలు వెళ్లాయి, బియ్యం బస్తాలు వెళ్లాయి. 2024 మార్చి దగ్గర ఆగింది. అవే మెట్లు, అదే షామియానా, ఏడో గడియారం పట్టుకుని నిలబడ్డ పిల్లలు. అన్నీ సెలెక్ట్ చేసి, డిలీట్ నొక్కి, ఫోన్ పైకెత్తారు.

"ఆఁ, ఇప్పుడు నవ్వండి."