సీమ పుస్తకాల్లో కన్నీళ్ల కంటే పని గొప్పది

అమెరికాలో మన తెలుగు సంఘాల సభల్లో రాయలసీమ ప్రస్తావన రెండు రకాలుగా వస్తుంది. స్టేజీ మీదయితే తొడగొట్టే డైలాగు, విరాళాల బల్ల దగ్గరయితే ఎండిపోయిన బోరు పక్కన నిలబడ్డ ముసలాయన ఫొటో. మొదటిదాన్ని ఇప్పటికే చాలామంది తిట్టారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. నా పేచీ రెండోదానితో. ఆ ఫొటో అబద్ధమని కాదు. పుట్టింది అనంతపురం జిల్లాలోనే కాబట్టి బోరు ఎండితే ఇల్లు ఎట్లుంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే ఈ మధ్య ఊరికి పోయినప్పుడు తెచ్చుకున్న పుస్తకాలు ఒకదాని వెంట ఒకటి చదువుతుంటే ఒక సంగతి గట్టిగా అనిపించింది. మా సీమ రచయితలు చదివేవాణ్ణి ఏడిపించాలని కూర్చున్న చోట మామూలుగానే రాస్తారు. పని గురించి రాసిన చోట మాత్రం వాళ్లను కొట్టేవాడు లేడు.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' సంగతే చూడండి. 2019లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) నవలల పోటీలో బహుమతి వచ్చింది, 2021లో సినిమాగా వచ్చింది. సినిమా చూసినవాళ్లు చాలామంది నవల కూడా చదివేసినట్టే మాట్లాడుతుంటారు. కడప జిల్లాలో నల్లమల అంచు పల్లెలకు కరువొచ్చి మేత, నీళ్లు కరువైతే, గొర్రెల కాపరులు మందల్ని తోలుకొని అడవిలోకి పోతారు. పోయి వారాల తరబడి అక్కడే ఉంటారు. ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం దొరక్క కుంగిపోయిన కుర్రాడొకడు తండ్రి వెంట అట్లా బయల్దేరతాడు. కథంటే ఇంతే. కానీ పేజీ పేజీకీ కాపరి తెలివి కనిపిస్తుంది. రాత్రికి మంద ఎక్కడ ఆపాలి, ఎవరు మేలుకోవాలి, పులి వాసన పడితే గొర్రెలు ఏం చేస్తాయి, నీళ్లు ఏ వైపున దొరుకుతాయి. చదువుకున్న కొడుక్కి ఏమీ తెలియదు, చదువులేని తండ్రికి అన్నీ తెలుసు. కుర్రాడు మారడమంటే ధైర్యం మీద ఉపన్యాసం విని మారడం కాదు, పని నేర్చుకొని మారడం.

ఈ నవలను మా చిన్నాయనకు ఇచ్చాను. వయసులో ఉన్నప్పుడు గొర్రెలు కాసిన మనిషి, పేపరు తప్ప వేరే ఏదీ చదవడు. అట్ట చూసి 'సినిమా పుస్తకమా' అని పక్కన పెట్టేశాడు. తర్వాత ఎప్పుడు చదివాడో తెలీదు. ఎట్లుంది చిన్నాయనా అని అడిగితే, 'గొర్రెల మద్దెన తిరిగినోడే రాసినాడ్రా ఇది. ఫ్యాను కింద కూసోని రాసింటే యాడో ఒకతావ దొరికిపోతాడు. నేను ఎతికితి. దొరకల్యా' అన్నాడు. ఊరికే ఒప్పుకునే రకం కాదు కాబట్టి వెంటనే ఇంకో మాట కలిపాడు: 'మా పక్క అడివి యాడుంది? మేము సేన్లల్లోనే మంద ఆపుతాంటిమి.' రాత్రంతా మంద ఒక రైతు చేలో ఆగితే ఆ పెంటికలకు, ఉచ్చకు చేను బలం పట్టేదని, అందుకు రైతు గింజలు కొలిచేవాడని, ఎవరి చేలో ముందు ఆపాలనే దాని మీద ఊళ్లో పంచాయితీలు కూడా జరిగేవని చాలాసేపు చెప్పాడు. ఈ నవల మీద మనవాళ్లు రాసిన సమీక్షలు కొన్ని చదివాను. అన్నిట్లోనూ 'గుండెను పిండేసింది' అనే మాట ఉంది. చిన్నాయన పెట్టిన పరీక్ష మాత్రం ఎవరూ పెట్టలేదు.

సమీక్ష అంటే గుర్తొచ్చింది. కడప నుంచి 1968లో 'సంవేదన' పత్రిక నడిపిన రాచమల్లు రామచంద్రారెడ్డి, మనందరి రా.రా., రాసిన 'సారస్వత వివేచన' మళ్లీ తిరగేశాను. ఆయన తీర్పుల్లో సగం నాకు నచ్చవు. మార్క్సిజం కొలబద్దతో కొలిచేటప్పుడు కొన్నిసార్లు చెయ్యి బరువైపోతుంది. అయినా ఒక రచన ఎందుకు బాగుందో, ఎందుకు బాగాలేదో కారణం చెప్పకుండా వాక్యం ముగించడు. పెద్దపేరు చూసి తగ్గడు. మన పత్రికల్లో పుస్తకాల పేజీ రాసేవాళ్లు, నాతో సహా, ఆ అలవాటు పూర్తిగా మానేశాం. రచయిత మన సభకు అతిథిగా వస్తాడు, మన ఇంట్లో భోంచేస్తాడు, ఇంక ఏం రాస్తాం?

కన్నీళ్ల దారికి మొదలెక్కడ అని వెతుక్కుంటే విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' దగ్గరికే పోవాలి. 1956 నాటి కావ్యం. అనంతపురం జిల్లా తరిమెలలో పుట్టిన మనిషి, పెన్న ఎండిపోయిన తీరు చూసి రాశాడు. ఒకప్పుడు కలిగిన ఇంటివాడైన రంగడు కూలికి దిగడం, అతని భార్య గంగమ్మ, వాళ్ల ఆకలి. ఇప్పుడు చదివినా గొంతు పట్టేస్తుంది. దాని గొప్పతనం మీద నాకు ఎలాంటి అనుమానం లేదు. అనుమానమల్లా తర్వాత వచ్చినవాళ్ల మీదే. పెన్న ఎండింది, నేల నెర్రెలు విచ్చింది, తల్లి కన్నీరు ఇంకింది అంటూ కవితల మీద కవితలు వచ్చాయి. విశ్వం రంగడు ఒక మనిషి, అతనికి ఇల్లుంది, పెండ్లాముంది, ఒక గతముంది. వీళ్ల కవితల్లో మనిషి ఉండడు, నెర్రెలు మాత్రమే ఉంటాయి.

కథల్లో ఈ జబ్బు తక్కువ. సింగమనేని నారాయణ, తెలుగు పంతులు, 2021లో పోయారు. సేద్యం సంగతి ఆయనకు ఎంత తెలుసో 'జూదం' అనే కథ పేరే చెబుతుంది. అనంతపురంలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అది కూడా పడాల్సినప్పుడు పడదు. పదును చూసి గొర్రు కట్టి సెనక్కాయ ఇత్తనం వేసినాక, కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు ఒక్క వాన మొహం చాటేస్తే ఇత్తనం డబ్బులు కూడా రావు. ఇదంతా తెలిసీ రైతు వచ్చే ఏడు మళ్లీ ఎందుకు వేస్తాడు? దీనికి జవాబు జాలిలో దొరకదు, లెక్కలో దొరుకుతుంది. కాయ పండకపోయినా కట్టె పశువులకు మేతవుతుంది, వేరే పంటకు నీళ్లు లేవు, అప్పిచ్చేవాడు ఈ పంటకే ఇస్తాడు. కేతు విశ్వనాథరెడ్డి కథలూ ఇట్లాంటివే. ఆయన ఎక్కడా గొంతు పెంచడు. మనుషులు మాట్లాడుకుంటుంటే పక్కన నిలబడి విన్నట్టు రాస్తాడు. ఆ నెమ్మది కొందరికి చప్పగా ఉంటుందట, నాకు మాత్రం అదే కావాలి.

బండి నారాయణస్వామి 'శప్తభూమి' గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఇది 2017లో తానా బహుమతి నవల, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు కూడా వచ్చింది. మనం డాలర్లిచ్చి రాయించుకున్న నవల అన్నా తప్పులేదు. మన సంఘం మిత్రుల్లో ఎంతమంది చదివారో అడిగి చూశాను, జవాబులు ఇక్కడ రాస్తే బాగుండదు. పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురం సీమ, హండే వంశపు పాళెగాళ్లు ఏలిన కాలం. చారిత్రక నవల అనగానే కోట, కత్తి, రాణిగారి అలక అనుకుంటాం. ఇక్కడ రాజు ఉన్నాడు గానీ కథ ఆయనది కాదు. గొర్రెలు కాసేవాళ్లు, కత్తి పట్టి పొట్ట పోసుకునేవాళ్లు, దేవుడి పేరుతో విడిచిపెట్టిన ఆడవాళ్లు, ఊరికి అవతల బతికే కులాలు - వీళ్లు ఏ పని చేసి, ఎవరికి ఏం చెల్లించి బతికారన్నదే కథ. ఇందులో చావులకు, కరువుకు కొదవ లేదు. అయినా రచయిత చెయ్యి పట్టుకొని 'చూడు, ఎంత ఘోరమో' అనడు. పాత్రలు మరీ ఎక్కువైనాయి. ఫలానా అతను ఎవరా అని వెనక్కి తిప్పి చూడాల్సి వస్తుంది. కొన్ని చోట్ల సేకరించిన సమాచారం కథ మీద కూర్చుంటుంది. ఇన్ని చెప్పినా, ఈ పదేళ్లలో నేను చదివిన తెలుగు నవలల్లో దీన్ని దాటింది లేదు.

ఈ నవల చదివినవాళ్లు దాని పక్కనే పెట్టుకోవాల్సిన పాత పుస్తకం ఒకటుంది. హండే అనంతపురం చరిత్రను స్థానికులు తెలుగులో రాసి పెట్టుకుంటే, సి.పి. బ్రౌన్ దాన్ని సంపాదించి ఇంగ్లీషు చేసి 1853లో మద్రాసులో అచ్చు వేయించాడు. 'రాజుల యుద్ధములు' అని పేరు. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే ముసలమ్మ బలి అయిన కథ అందులోదే. దాన్నే తీసుకొని కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణము' కావ్యం చేశాడు. కావ్యం గురించి అందరూ చెబుతారు. నాకు మూలమే నచ్చింది. అందులో వచనం వంకరలు లేకుండా, ఊరి పెద్ద చెప్పినట్టు ఉంటుంది. కడపలో బ్రౌన్ కాపురమున్న బంగళా చోట ఇప్పుడు ఆయన పేరున గ్రంథాలయం ఉంది. ఈసారి ఒంటిమిట్టకు, గండికోటకు పోయేవాళ్లు ఒక పూట అక్కడ దిగండి.

ఇక కల్పన కాని పుస్తకాల సంగతి. ప్రొద్దుటూరు డాక్టరు, ఒకప్పటి ఎమ్మెల్యే ఎం.వి. రమణారెడ్డి రాసిన 'రాయలసీమ కన్నీటి గాధ' పేరు చూసి నా వాదానికి ఇదే సాక్ష్యం అనుకొని తెరిచాను. లోపల ఉన్నది కన్నీళ్లు కాదు, నీళ్ల పంపకం మీద వాదన. మద్రాసులో 1937 నవంబరు 16న కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో కృష్ణా, తుంగభద్ర నీళ్ల మీద సీమకు, నెల్లూరుకు మొదటి హక్కు ఇస్తామన్న మాట ఉంది. ఆ మాట తర్వాత ఏమైందన్నది సీమలో పుట్టిన ప్రతివాడూ తెలుసుకోవాలి. పుస్తకం పేరు ఎవరు పెట్టమన్నారో గానీ లోపలి మనిషికి అది నప్పదు. ఆయనే తర్వాత 'టూకీగా ప్రపంచ చరిత్ర' రాశాడు. జైలు, కోర్టు, రాజకీయం అన్నీ చూసి వచ్చిన మనిషి, ప్రొద్దుటూరులో కూర్చొని ప్రపంచ చరిత్ర మొదలుపెట్టడం - ఆ తెగువ ముందు మన వీకెండ్ బ్లాగులు ఎంత!

నన్ను అన్నిటికంటే ఎక్కువ పట్టేసింది మాత్రం అసలు పుస్తకమే కాదు, ఒక శాసనం. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369లో వేయించింది. విజయనగర బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని రాతి మీద లెక్క చెప్పి పెట్టారు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలంటుంది శాసనం. నీటి శాస్త్రం తెలిసినవాడు ఉండాలి, నేల గట్టిదై ఉండాలి, కట్ట మరీ పొడుగు కాకుండా బలంగా ఉండాలి, రాయి దగ్గర్లోనే దొరకాలి, చెరువు పని తెలిసిన మనుషుల గుంపు ఉండాలి. ఇట్లా పోతుంది. తర్వాత ఆరు దోషాలు చెబుతుంది: కట్టలోంచి నీరు కారడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. మూడో దోషం దగ్గర నవ్వొచ్చింది. తుంగభద్ర డ్యామేమో హోస్పేట దగ్గర కర్ణాటకలో, దాని ఎగువ కాలువ హెచ్చెల్సీ కింద పొలాలేమో మా అనంతపురంలో. తుంగభద్ర బోర్డు మీటింగుల వార్తలు చదివేవాళ్లకు భాస్కరుడి ఇంజనీర్లు ఏం చెప్పారో వేరే వివరించక్కర్లేదు. ఆరున్నర శతాబ్దాల కింద మావాళ్లు కరువు గురించి రాతి మీద రాసింది ఏడుపు కాదు, చెరువు కట్టే పద్ధతి.

వేంపల్లె షరీఫ్ 'జుమ్మా', వేంపల్లి గంగాధర్ 'మొలకల పున్నమి' కథలు కూడా చదివాను. రెంటికీ అకాడమీ యువ పురస్కారాలు వచ్చాయి. షరీఫ్ కథల్లో పేద ముస్లిం ఇంటి అమ్మ నా మనసులో నిలిచిపోయింది. మిగతా వివరాలు ఇంకోసారి.

కష్టంలో ఉన్న జనం గురించి కన్నీళ్లు పెట్టుకోవద్దంటావా అని ఒక మిత్రుడు ఫోన్లో కోప్పడ్డాడు. పెట్టుకోవద్దని ఎవరన్నారు? దూరదేశంలో ఉన్న మనకు కన్నీళ్లు సులువు, అదే నా కంప్లయింటు. కథ చదివి కళ్లు తుడుచుకొని ఒక బోరుకు డబ్బులిచ్చేస్తే మన బాకీ తీరిపోయినట్టు ఉంటుంది. పక్క చేలో ఇంకా లోతుగా వేసిన బోరు మనం ఇచ్చిన బోరును ఏం చేసిందో అడగం. పని తెలిసిన రచయిత ఆ రెండో బోరు సంగతి కూడా రాస్తాడు.

నాకు చదవాలని ఉన్న నవలలు కొన్ని ఇంకా నా కంట పడలేదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. ఆ షిఫ్టులకు పోయే పిల్లల తండ్రులు నిన్నటిదాకా సెనక్కాయ వేసినవాళ్లు. కర్నూలు పక్క గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. ఎండ మమ్మల్ని చంపుతోందని రాసిన సీమలో ఎండనే అమ్ముకుంటున్నారు, ఆ అద్దాల కింద మేపుకొనే జాగా పోయినవాళ్లూ ఉంటారు. ధర్మవరం మగ్గం గుంత, తాడిపత్రి రాళ్ల ఫ్యాక్టరీ, చీనీ కాయల మండీలో టవల్ కింద వేళ్లతో జరిగే బేరం - ఒక్కోదానికి ఒక్కో నవల పడుతుంది. ఎవరైనా రాస్తున్నారేమో తెలిసినవాళ్లు చెప్పండి.

మన నవలల పోటీ వాళ్లకు ఒక మనవి. బహుమతి మొత్తం ఇంకా పెంచక్కర్లేదు, బాగానే ఇస్తున్నారు. గెలిచిన నవలను ఆ ఏడాది మహాసభకు వచ్చే ప్రతి కుటుంబానికి ఒక ప్రతి చొప్పున, బ్యాడ్జీ ఇచ్చే సంచిలోనే పెట్టి ఇవ్వండి. శాలువల ఖర్చు కాస్త తగ్గించుకుంటే సరిపోతుంది.