నల్ల బీరును ఊరికే తాగేస్తారా?

మ్యూనిక్‌లో జరుగుతున్న ఒక ఘోరాన్ని లోకం దృష్టికి తేవాల్సిన బాధ్యత నా నెత్తిన పడింది. అక్కడి జనం డుంకెల్ అనే ముదురు గోధుమరంగు లాగర్ బీరు (చల్లటి చోట నిదానంగా పులియబెట్టే రకం) తెప్పించుకుని, కబుర్లాడుకుంటూ, గటగటా తాగేస్తున్నారు. రంగు చూడరు, వాసన చూడరు. కనీసం ఒక నోట్‌బుక్కయినా వెంట తెచ్చుకోరు.

అసలు పద్ధతి ఇది కాదు. ముందు గ్లాసును వెలుతురుకు ఎత్తి పట్టాలి. నలుపనుకున్నది కాస్తా అంచుల్లో కెంపు రంగులో మెరుస్తుంది. అప్పుడు 'ఊఁ' అనాలి, అంతే. తర్వాత ముక్కు. ఇందులో వాడే మ్యూనిక్ మాల్టును, అంటే మొలకెత్తించిన బార్లీని, ఎక్కువ వేడి మీద ఆరబెడతారు గనక బాగా కాలిన రొట్టె అంచు వాసన వస్తుంది. ఈ మాట చెప్పడానికి రొట్టె తిన్న అనుభవం చాలు, కానీ ఆ గుట్టు బయటపెట్టకూడదు. 'మెలనాయిడిన్లు' అనాలి, అంటే ఆ వేడికి మాల్టులో పుట్టే రంగూ వాసనా ఇచ్చే పదార్థాలు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు గప్‌చుప్. మరీ చల్లగా ఇస్తే ఆ వాసనంతా అణిగిపోతుంది కాబట్టి, గ్లాసును కాసేపు ముట్టుకోకుండా దాని వంక చూస్తూ కూర్చోవాలి. దాహం వేస్తే మంచినీళ్లు తాగండి.

ష్వార్జ్‌బీర్ అనే మరో జర్మన్ లాగర్ ఇంకా నలుపు. కాఫీ చేదు లీలగా తగులుతుంది, తాగితే మాత్రం తేలిక. చూడగానే 'అమ్మో, స్ట్రాంగ్!' అనే అమాయకులకు, ఆల్కహాల్ సుమారు 5 శాతమేనని జాలిగా చెప్పాలి. ఆ నలుపు మాల్టుది, మత్తుది కాదు.

ఇంత శాస్త్రం ఉన్న డుంకెల్ ఒకప్పుడు బవేరియాలో మామూలు జనం రోజూ తాగే బీరు. 1894లో మ్యూనిక్‌లోనే స్పాటెన్ బ్రూవరీ వాళ్లు లేత రంగు హెల్లెస్ బీరు తెచ్చారు. రానురాను ఊరంతా తెల్లదాని వెంట పడింది. పెళ్లి ప్రకటనల్లో రంగు రాసుకునే మనకు ఇందులో వింతేమీ కనిపించదు. నలుపుకు గిరాకీ తగ్గింది, అందుకే మాలాంటి రసజ్ఞుల చేతికి చిక్కింది.

ప్రభుత్వాలకైతే మొదటినుంచీ బీరంటే గంభీరమైన వ్యవహారమే. బార్లీ, చేదునిచ్చే హాప్స్ పూలు, నీళ్లు తప్ప మరేదీ వాడరాదని 1516లో బవేరియా శాసించింది. పులియబెట్టే ఈస్ట్ పేరే ఎత్తలేదు, పాపం. ఆ వారసత్వంలోనే, జర్మనీలోనే బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్రంలో నొయ్‌జెల్లె అనే ఊరి బ్రూవరీ తన నల్ల బీరులో పంచదార పాకం కలిపితే, దాన్ని బీరు అనడానికి వీల్లేదని అధికారులు అడ్డం తిరిగారు. ఏళ్ల తరబడి నలిగిన ఆ తగాదాలో, అది బీరే అనిపించుకోవచ్చని 2005లో ఫెడరల్ పరిపాలనా న్యాయస్థానం తేల్చింది. తాగేవాళ్లను అడిగితే ఒక్క సాయంత్రంలో తేలిపోయేదే. అలా తేలిపోతే లాయర్లేం కావాలి, మేమేం కావాలి?