సింధు ఫైనల్స్ గురించి కూడా రాయాల్సింది
ఓడినవాళ్ళు మళ్ళీ ఎలా నిలబడతారో మీ వ్యాసంలో బాగా రాశారండీ, కానీ మన పీవీ సింధు గురించి ఒక్క లైన్ కూడా లేకపోవడం వెలితిగా అనిపించింది. 2017 గ్లాస్గో బ్యాడ్మింటన్ వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ టీవీ ముందు నుంచి లేవకుండా చూశాను, జపాన్ అమ్మాయి ఒకుహారతో 110 నిమిషాలు, మూడో గేమ్ 20-20 దాకా వచ్చి చేజారిపోయింది, ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. మరుసటేడు నాన్‌జింగ్‌లో మళ్ళీ ఫైనల్, ఈసారి స్పెయిన్ అమ్మాయి మారిన్ చేతిలో ఓటమి. ఫైనల్ అంటే భయపడుతుందని అప్పుడు ఎన్ని మాటలన్నారో, అసలు ఫైనల్ దాకా వెళ్ళడం ఎంత కష్టమో వాళ్ళకేం తెలుసు! 2019లో బాసెల్‌లో వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్లోనే అదే ఒకుహారని 21-7, 21-7తో 38 నిమిషాల్లో ఓడించేసింది. మా అమ్మకి బ్యాడ్మింటన్ రూల్స్ ఏవీ తెలీవు, అయినా జనగణమన వస్తుంటే లేచి నిలబడి ఏడ్చేసింది.